ప్రకాశంలో నిప్పుకోడి, నెల్లూరులో మెక్సికో రొయ్య: ఏ జంతువు ఎక్కడుండాలో ఏది తేలుస్తుంది?

ప్రకాశం జిల్లాలో ఒకప్పుడు నిప్పుకోళ్లు తిరిగేవంటే చాలామంది వెంటనే నమ్మరు. నిప్పుకోడి అనగానే మనకు ఆఫ్రికానే గుర్తొస్తుంది. కానీ 2024లో వడోదరలోని ఎం.ఎస్. యూనివర్సిటీ పురావస్తు శాఖవాళ్లు ఉన్న ఒక బృందం ఈ జిల్లాలోనే నిప్పుకోడి గూడు ఆనవాళ్లను బయటపెట్టింది. ఒక మంచం పట్టేంత చోటులో దాదాపు 3,500 గుడ్డు పెంకు ముక్కలు దొరికాయి. అందులో తొమ్మిది నుంచి పదకొండు గుడ్లు ఉండేవని వాళ్ల లెక్క. ఆ గూడు వయసు సుమారు 41,000 ఏళ్లు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఒక వివరణ వినిపిస్తుంది: "ఒకప్పుడు ఇండియా, ఆఫ్రికా ఒకే ఖండం కదా, గోండ్వానా. అందుకే అక్కడి జంతువులు ఇక్కడా ఉన్నాయి." స్కూల్లో చదువుకున్న విషయమే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పరు. గోండ్వానా నిజమే, ఖండాలు కదలడమూ నిజమే. అయినా నిప్పుకోడి విషయంలో ఈ వివరణ పొసగదు. ఎందుకు పొసగదో తెలిస్తే, ఏ జీవి ఎక్కడుందో, ఎందుకుందో చెప్పే జీవభూగోళ శాస్త్రంలో సగం చిక్కుముడి విడినట్టే.

ముందు తేదీలు చూద్దాం. మడగాస్కర్‌తో కలిసి ఉన్న మన భూభాగం ఆఫ్రికా నుంచి విడివడింది సుమారు 16 కోట్ల ఏళ్ల కిందట. మడగాస్కర్ కూడా విడిపోయి మనం ఒంటరిగా ఉత్తరానికి బయల్దేరింది 9 కోట్ల ఏళ్ల కిందట, కాస్త అటూ ఇటూగా. ఆసియాను గుద్దుకుని హిమాలయాలు లేవడం మొదలైంది 5 కోట్ల ఏళ్ల కిందట. మరి నిప్పుకోడి ప్రజాతికి చెందినవని చెప్పదగ్గ శిలాజాల్లో బాగా పాతవి ఆఫ్రికాలోని నమీబియాలో దొరికాయి. వాటి వయసు 2 కోట్ల ఏళ్ల చిల్లర. అంటే మనం ఆఫ్రికా నుంచి విడిపోయేనాటికి నిప్పుకోడి అనే పక్షే లేదు. దాదాపు 14 కోట్ల ఏళ్ల తేడాను ఏ వివరణా పూడ్చలేదు.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన పని దీనికి ఇంకో ఆధారం ఇస్తుంది. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరికిన పాతికవేల ఏళ్లకు పైబడిన పెంకుల నుంచి వాళ్లు డీఎన్ఏ తీశారు. అది ఇప్పటి ఆఫ్రికా నిప్పుకోడి డీఎన్ఏకి చాలా దగ్గరగా ఉంది. పదహారు కోట్ల ఏళ్లు ఎడంగా ఉన్న రెండు వంశాల్లో అంత పోలిక మిగిలే అవకాశం లేదు.

మనలో చాలామందికి అమెరికాలో చుట్టాలున్నారు. అంతమాత్రాన అమెరికా, ఆంధ్ర ఒకప్పుడు కలిసి ఉండేవని ఎవరూ అనరు కదా. ఎవరో ఇక్కడి నుంచి వెళ్లారు, అంతే. జంతువుల చుట్టరికం విషయంలోనూ ముందు అడగాల్సింది అదే: నేల విడిపోతే వీళ్లు విడిపోయారా, లేక వీళ్లే నడిచి వచ్చారా?

నిప్పుకోడి నడిచే వచ్చింది. సుమారు 2 కోట్ల ఏళ్ల కిందట అరేబియా భూభాగం ఉత్తరానికి జరిగి ఆసియాను తాకింది. మధ్యలో ఉన్న సముద్రం కుంచించుకుపోయి నేలదారి తెరుచుకుంది. ఏనుగుల పూర్వీకుల వంశాలు ఆఫ్రికా దాటి ఆసియాలోకి వచ్చింది ఆ దారినే. ఆ తర్వాత వాతావరణం పొడిబారుతూ పోయి ఆఫ్రికా నుంచి అరేబియా, ఇరాన్ మీదుగా మన దాకా గడ్డిమైదానాలు పరుచుకున్నాయి. శివాలిక్ కొండల్లో జిరాఫీ బంధువుల శిలాజాలు, నర్మదా లోయలో నీటిగుర్రాల ఎముకలు దొరుకుతున్నాయంటే ఆ రోజుల్లో ఇక్కడి పచ్చిక మీద ఎలాంటి జంతువులు మేసేవో ఊహించుకోవచ్చు. వాటిలో చాలావరకు మన దగ్గర అంతరించాయి, ఆఫ్రికాలో మిగిలాయి. కాబట్టి "ఆఫ్రికా జంతువు ప్రకాశంలోకి ఎలా వచ్చింది" అనడం కంటే, రెండుచోట్లా ఉన్న జంతువు ఒకచోట ఎందుకు పోయిందని అడగడం సరైనదని నా అభిప్రాయం.

అలాగని గోండ్వానా వివరణను పూర్తిగా పక్కన పెట్టేయనక్కర్లేదు. అది అతికినట్టు సరిపోయే జంతువులు కొన్ని ఉన్నాయి. పడమటి కనుమల్లో ఏడాదిలో ఎక్కువ భాగం భూమిలోపలే గడిపి, వానలకు మాత్రం గుడ్లు పెట్టడానికి పైకొచ్చే ఊదారంగు కప్ప ఒకటుంది. 2003లో ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోసుయిట్ దాన్ని కొత్త జాతిగా వర్ణించారు. దాని దగ్గరి బంధువులు ఎక్కడున్నాయంటే హిందూ మహాసముద్రం మధ్యలో ఉన్న సీషెల్స్ దీవుల్లో. కప్ప చర్మం పల్చన, ఉప్పునీటికి తట్టుకోదు, వేల కిలోమీటర్ల సముద్రం ఈదడమన్నది దానివల్ల అయ్యే పని కాదు. పైగా ఆ రెండు వంశాలూ విడిపోయింది పది కోట్ల ఏళ్లకు ముందే అని జన్యు లెక్కలు చెప్పాయి. సీషెల్స్, మన దేశం ఒకే భూభాగంగా ఉన్న కాలం అది. ఇక్కడ జంతువు వయసు, అడ్డంకి వయసు రెండూ కలిశాయి. నిప్పుకోడి విషయంలో కలవలేదు. ఎవరైనా జీవుల పంపకం గురించి పెద్ద మాట చెప్పినప్పుడు ఈ రెండు వయసులూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఆ మాట నిలుస్తుందో లేదో తెలిసిపోతుంది.

ఇప్పుడు మన కొండల్లోని పక్షి దగ్గరికి వద్దాం. నెల్లూరు, కడప జిల్లాల మధ్య వెలిగొండలు, వాటికి అటువైపు లంకమల. ఈ కొండల కిందుగా కలివి, రేగు, తుమ్మ పొదలు ఎడమెడంగా పెరిగే రాతినేలలు ఉంటాయి. కలివికోడి అక్కడి పక్షి. జానెడు పైచిలుకు పొడవు, సన్నటి పొడుగాటి కాళ్లు, కంటిమీద తెల్లటి చార, రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు, పసుపు ముక్కు, దాని కొస నలుపు. పగలంతా పొదల నీడలో కదలకుండా ఉంటుంది. పొద్దుగూకాక బయటికొచ్చి చెదలు, చీమలు లాంటివి ఏరుకు తింటుంది. ఎగరగలదు గానీ మనిషి అలికిడి వింటే ఎక్కువగా పరుగే ఎత్తుకుంటుంది. కూత కూడా చీకటి పడుతున్న వేళ కాసేపే వినిపిస్తుంది.

దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసింది థామస్ జెర్డన్. మద్రాసు ప్రెసిడెన్సీలో డాక్టరుగా పనిచేసిన ఆయన కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. ఇక్కడి పక్షులూ జంతువుల గురించి ఆయన యానాదుల దగ్గర ఎంతో తెలుసుకున్నాడు. అడవి గురించి వాళ్లకున్న తెలివిడి లేకపోతే మన ప్రాంతపు జీవజాలం మీద వచ్చిన తొలి పుస్తకాల్లో సగం పేజీలు ఖాళీగా ఉండేవి. కలివికోడికి 1848లో శాస్త్రీయ నామం పెట్టారు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనిపించాక మళ్లీ ఎవరికీ ఆనవాలు దొరకలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ బృందానికి కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, అక్కడి ఒక వేటగాడి సాయంతోనే, ప్రాణంతో ఉన్న కలివికోడి దొరికింది. ఎనభై ఆరేళ్లు బయటి ప్రపంచానికి లేని పక్షి, అక్కడి పొదల్లో తిరిగేవాళ్లకు మాత్రం తెలిసిన పక్షే.

ఈ కలివికోడికి దగ్గరి చుట్టాలుగా లెక్కేసే జాతులు ఆఫ్రికాలోని పొడి అడవుల్లో, పొదనేలల్లో ఉన్నాయి. మధ్యలో అరేబియా, ఇరాన్, పాకిస్తాన్, మన ఉత్తర భారతం, ఎక్కడా ఈ గుంపు పక్షి లేదు. ఆఫ్రికా బయట ఈ చిన్న మూలన మాత్రం ఒకటి మిగిలింది.

నిప్పుకోడి గూడును పక్కన పెట్టుకుని చూస్తే ఈ దూరం అంత వింతగా అనిపించదు. పొడినేలల పక్షులు, జంతువులు ఒకప్పుడు ఆఫ్రికా నుంచి దక్కన్ దాకా ఒకే పరుపుగా ఉండేవి. వాతావరణం మారినకొద్దీ మధ్యలో కొంత ఎడారి అయ్యింది, కొంత దట్టమైన అడవి అయ్యింది, ఇంకొంత సేద్యంలోకి వచ్చింది. పరుపు అక్కడక్కడా చిరిగిపోయి తునకలు మిగిలాయి. తూర్పు కనుమల దక్షిణ భాగం పడమటి కనుమల వానచాటున ఉంటుంది, వర్షం తక్కువ, మట్టి పల్చన. అందుకే పొదనేల అక్కడ చాలాకాలం పొదనేలగానే ఉండిపోయింది. ఎర్రచందనం సహజంగా పెరిగేదీ దాదాపు ఈ చుట్టుపక్కలే అన్నది కూడా గమనించాలి. రెండింటికీ ఆ నేలే ఆధారం.

కలివికోడికి మన దగ్గరే ఇంకో బంధువు ఉంది. బీడు భూముల్లో, కోసిన చేలల్లో పట్టపగలే పరుగులు తీసే ఇండియన్ కోర్సర్. దాని శాస్త్రీయ నామంలో మన కోరమాండల్ తీరమే ఉంది. అది మన దేశంలో చాలాచోట్ల దొరుకుతుంది. కుటుంబం ఒకటే, సైజు దాదాపు ఒకటే. ఒకటి దేశమంతా పరుచుకుని, ఇంకోటి నాలుగు కొండల మధ్య ఇరుక్కోవడానికి కారణం చరిత్ర ఒక్కటే కాదు, అలవాటు కూడా. మొదటిది దున్నిన నేలనైనా ఓర్చుకుంటుంది. రెండోది పొదల మధ్య ఖాళీ ఎంత ఉండాలో కూడా పట్టించుకుంటుంది. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

ఒక జంతువు ఒక చోట లేకపోవడానికి రెండు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. అక్కడ బతకలేక లేకపోవచ్చు, అక్కడికి చేరలేక లేకపోవచ్చు. ఈ తేడా మన నెల్లూరు జిల్లా రొయ్యల రైతులకు వివరించనక్కర్లేదు, రోజూ చూస్తున్నదే.

తొంభైల మొదట్లో నెల్లూరు తీరంలో సాగంతా టైగర్ రొయ్య. అది మన సముద్రంలోదే, ఆఫ్రికా తూర్పు తీరం నుంచి పసిఫిక్ పడమటి అంచు దాకా సహజంగా ఉంటుంది. 1994 తర్వాత వైట్ స్పాట్ వైరస్ వచ్చి ఆ సాగును కూలదోసింది, ఎన్నో కుటుంబాలు అప్పులపాలయ్యాయి. 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి వచ్చింది. ఇవాళ ఇందుకూరుపేట నుంచి కావలి దాకా గుంటల్లో ఏరియేటర్లు తిరుగుతున్నవి ఎక్కువగా వనామీ కోసమే. వనామీ సొంత ఊరు పసిఫిక్ తూర్పు తీరం, మెక్సికో నుంచి పెరూ ఉత్తరపు కొస దాకా. మన తీరం వేడి, ఉప్పు, బురదనేల దానికి చక్కగా సరిపోయాయి. మరి అన్ని లక్షల ఏళ్లలో ఇటువైపు తనంతట తాను ఎందుకు రాలేదు?

దాన్ని నాలుగు వైపులా ఏదో ఒకటి ఆపింది. నీళ్లు ఏడాది పొడవునా 20 డిగ్రీలకు తగ్గని చోటే అది నిలుస్తుంది. దక్షిణాన పెరూ తీరం వెంట హంబోల్ట్ అనే చల్లటి ప్రవాహం, ఉత్తరాన కాలిఫోర్నియా వైపు చల్లటి నీళ్లు. ఈ రెండూ "బతకలేకపోవడం" కిందికి వస్తాయి. తూర్పున సుమారు 30 లక్షల ఏళ్ల కిందట పనామా దగ్గర నేల లేచి రెండు సముద్రాలనూ వేరుచేసింది. పడమట దీవులే లేని అయిదు వేల కిలోమీటర్ల లోతు పసిఫిక్. రొయ్య పిల్లలు తీరం పక్కన మడ అడవుల్లో, ఉప్పుటేర్లలో పెరగాలి, అంత దూరం తేలుతూ వచ్చేలోపు బతకవు. ఇవి రెండూ "చేరలేకపోవడం". విమానం ఆ రెండో రకం అడ్డంకిని ఒక్కరోజులో తీసేసింది. తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెచ్చి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, రోగాలు లేవని తేల్చుకున్నాకే పిల్లలు తీసే హేచరీలకు ఇస్తారు. ఆ జాగ్రత్త ఎందుకంటే సముద్రాలు జంతువులనే కాదు, వాటి జబ్బులనూ వేరువేరుగా ఉంచాయి. ఒక తీరపు రొయ్యకు అలవాటైపోయిన వైరస్ ఇంకో తీరపు రొయ్యను వారంలో ఖాళీ చేయగలదు. సర్టిఫికెట్ లేని సీడ్, అంటే రొయ్య పిల్లలు, చవగ్గా వస్తోందని వేసేవాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అటు నుంచి ఇటు రొయ్య వచ్చినట్టే ఇటు నుంచి అటు మన పశువు వెళ్లింది. బ్రెజిల్‌లో మేసే పశువుల్లో చాలా ఎక్కువ భాగం నెలోరే జాతివి లేదా దాని సంకరాలు. అది మన ఒంగోలు జాతే. పేరు నెల్లూరుది కావడానికి కారణం అప్పటి హద్దులు. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. 1868లో ఇంగ్లండుకు వెళ్తున్న ఓడ బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు ఒక జత అక్కడ అమ్ముడైందని బ్రెజిల్ పశుపోషకుల చరిత్ర చెబుతుంది. ఆ తర్వాత విడతలు విడతలుగా, 1960ల మొదటి దాకా మన పశువులు వెళ్లాయి. ఎండకు ఓర్చుకోవడం, పిడుదుల బెడద తట్టుకోవడం, ఎండుగడ్డితో సరిపెట్టుకోవడం, ఇవన్నీ పాలేరు, ముసి నదుల ఒడ్డున తరతరాల రైతులు ఎంచి ఎంచి నిలబెట్టిన గుణాలు. దక్షిణ అమెరికాలో కొలంబస్ కాలం దాకా ఆవు జాతే లేదు. అక్కడి గడ్డి ఆవుకు పనికిరాక కాదు, మధ్యలో అట్లాంటిక్ ఉండి.

నేలపట్టు పక్షుల కేంద్రం దగ్గర అపోహ ఇంకో రకం. 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లిన ఈ కేంద్రం పాత నెల్లూరు జిల్లావాళ్లందరికీ సొంతమే. చలికాలం అక్కడికి వెళ్లి, నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు పెట్టిన గూడబాతులను, అంటే పెలికాన్లను చూపించి "సైబీరియా నుంచి వచ్చాయి" అని పిల్లలకు చెప్తుంటారు. అవి సైబీరియావి కావు. దక్షిణ భారతం, శ్రీలంకల పక్షులవి. వానలకు చెరువులు నిండే లెక్కను బట్టి ఇక్కడిక్కడే తిరుగుతాయి. పులికాట్‌లో చేపలు పట్టుకుని నేలపట్టులో పిల్లలకు పెడతాయి. ఆ సరస్సులో గులాబీ రంగు గుంపులుగా నిలబడే ఫ్లెమింగోలు గుడ్లు పెట్టేది ప్రధానంగా కచ్ రణ్‌లో. నిజంగా ఉత్తరాసియా నుంచి వచ్చేవి పిన్‌టెయిల్, షవలర్ లాంటి బాతులు. తేడా ఎందుకు ముఖ్యమంటే, సైబీరియా పక్షి అయితే ఇక్కడి చెరువు ఎండినా దానికి ఇంకో ఇల్లుంది. గూడబాతుకు ఇదే ఇల్లు. మయన్మార్‌లోని సిత్తాంగ్ మైదానంలో పంతొమ్మిదో శతాబ్దంలో లెక్కకు అందనన్ని ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం సగానికి రాకముందే ఆ స్థావరం లేకుండా పోయింది. ఇప్పుడు మ్యాప్‌లో మన దగ్గర కొన్ని చుక్కలు, కంబోడియాలో కొన్ని చుక్కలు, మధ్యలో పెద్ద ఖాళీ. చూసినవాళ్లు ఇదేదో కోట్ల ఏళ్లనాటి ఎడబాటు అనుకోవచ్చు. దాని వయసు సుమారు వందేళ్లే.

సముద్రమట్టం సంగతీ చెప్పుకోవాలి. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి ఉండేది. మన తీరం ఇంకా తూర్పుకు జరిగి ఉండేది, పులికాట్ లేనే లేదు, రామేశ్వరం నుంచి లంకకు పొడినేలే. ఎలుగుబంటి, చిరుత, ఏనుగు రెండువైపులా ఉండటానికి అలా పదే పదే తెరుచుకున్న దారే కారణం. శేషాచలం కొండల్లోని బంగారు బల్లి ప్రజాతిలో ఉన్నవి రెండే జాతులు. ఒకటి మన తూర్పు కనుమల్లో, రెండోది శ్రీలంకలో. అయితే అది రాతిచరియల చాటున తప్ప ఉండదు. దానికి సముద్రమే కాదు, రాయి లేని మైదానం కూడా అడ్డంకే. దారి తెరుచుకుంటే చాలదు, ఆ దారి ఎవరికి దారి అన్నది కూడా చూడాలి.

ఇవాళ కొత్త అడ్డంకులు మన కళ్లముందే తయారవుతున్నాయి. మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమలలో పెద్దపులి ఉంది. అక్కడి నుంచి వెలిగొండల మీదుగా శేషాచలానికి అడవి దారి ఉంది, కానీ రోడ్లు, పొలాలు, గనులు దాన్ని ముక్కలు చేస్తున్నాయి. కృష్ణా నీళ్లను సోమశిల, కండలేరు మీదుగా చెన్నైకి చేర్చే తెలుగుగంగ మనకు తాగునీరు, సాగునీరు ఇచ్చింది. అదే కాలువ తవ్వకం కడప జిల్లాలో కలివికోడి తిరిగే పొదనేల మీదికి వచ్చింది. పరిశోధకులు గట్టిగా పట్టుబట్టాక ఒకచోట కాలువ దారి మార్చారు. మార్చగలిగారు కాబట్టి అది మంచి ఉదాహరణే.

పొదల మధ్య ఖాళీ అన్నాను కదా. మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు పట్టి, కెమెరాలు పెట్టి లంకమల దగ్గర ఏళ్ల తరబడి చేసిన పనిలో తేలిందేమిటంటే, కలివికోడి ఎక్కువగా ఉండేది మనిషికంటే ఎత్తైన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 మధ్య ఉన్నచోట. చిన్న పొదలు వెయ్యి దాటకూడదు. పొదలన్నీ నరికి దున్నితే అది ఉండదు. అడవి పెంచుతున్నామని చిక్కగా మొక్కలు నాటినా ఉండదు. అక్కడి మేకలు, పశువులు మేసే మేత, జనం కొట్టుకెళ్లే వంటచెరకు ఒక మోతాదులో ఉన్నంతకాలం ఆ ఎడం అలాగే ఉంటుంది. మోతాదు పెరిగినా చెడుతుంది, కంచె వేసి పూర్తిగా ఆపేసినా పొదలు కమ్ముకుంటాయి. రెవెన్యూ రికార్డుల్లో బంజరు అని రాసి ఉన్న ఇలాంటి నేలలు వెలిగొండల కింద రాపూరు, ఉదయగిరి వైపు ఇంకా ఉన్నాయి. వాటిని దేనికైనా కేటాయించే ముందు పొద్దుగూకాక ఒకసారి అక్కడ రికార్డర్లు పెట్టి కూత వినిపిస్తుందేమో చూడటం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.